బల్లమీది రేవు

మా భోజనాలబల్ల మీద భోజనం చేసి ఎన్నాళ్ళయిందో చెప్పమంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, "రెండు వారాలేగా అత్తయ్యా!" అంటూ మా కోడలు తన ల్యాప్‌టాప్ తెచ్చి దానిమీద పెట్టింది. ఆ రెండు వారాలూ ఇప్పటికీ పూర్తి కాలేదు. లాక్‌డౌన్ ఎత్తేశారు, ఆఫీసుల తలుపులు తెరిచారు, వారానికి రెండు రోజులు వచ్చి మొహం చూపించి పొమ్మన్నారు. తక్కిన రోజులు ఇల్లే ఆఫీసు. పగలంతా కోడలు, రాత్రి అమెరికావాళ్ళకి తెల్లవారే వేళకి మా అబ్బాయి. ఒకటే బల్ల, ఒకటే కుర్చీ, ఒకటే మానిటరు. ఒకరు లేస్తేగానీ ఇంకొకరికి చోటు లేదు.

వచ్చిన చిక్కల్లా వైర్లతో. మానిటరుకొకటి, కీబోర్డుకొకటి, మౌసుకొకటి, ఇంటర్నెట్టుకొకటి, మీటింగుల్లో మొహం చూపించే కెమెరాకొకటి, కరెంటుకొకటి. సాయంత్రం కోడలు ఆరూ పీకాలి, అబ్బాయి ఆరూ తగిలించుకోవాలి. తెల్లవారితే మళ్ళీ అదే తంతు. అబ్బాయి రాత్రి భోంచేసి తీరిగ్గా తగిలించుకునేవాడు. కోడలి సంగతి అలా కాదు కదా. పిల్లాడికి క్యారేజీ సర్ది, బస్సెక్కించి, తొమ్మిదింటి మీటింగుకి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేది. ఆరు వైర్లు వెతికి గుచ్చుకునే వ్యవధి ఎక్కడిది? "ఇవాళ్టికిలా కానిచ్చేద్దాం" అని ఆ చిన్న ల్యాప్‌టాప్ మీదే మెడ వంచుకుని కూర్చునేది. అలా కానిచ్చిన రోజులు నాలుగు నెలలయ్యేసరికి మెడ పట్టేసింది. డాక్టరు మాత్రలకంటే ముందు బల్ల సంగతి అడిగాడు. "తెర కంటికెదురుగా ఉండాలి, చేతులు కిందుండాలి. ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కునుంటాయి, అదీ తంటా" అన్నాడు.

అప్పుడు వినబడింది మా ఇంట్లో మొదటిసారి 'డాక్' అనే మాట.

డాక్ అంటే విశాఖపట్నం వాళ్ళకి నేను చెప్పాలా? సముద్రం మీద తిరిగి తిరిగి వచ్చిన ఓడ ఆగే చోటు. అక్కడి షిప్‌యార్డులో కట్టిన 'జల ఉష' అనే ఓడని 1948 మార్చి 14న నెహ్రూగారు నీళ్ళలోకి పంపించిన సంగతి మా పెద్దవాళ్ళు కథలా చెప్పుకునేవారు. ఆకాశంలో తిరిగేవాటికీ ఇదే మాట. శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న వెళ్ళిన రెండు చిన్న ఉపగ్రహాలు 2025 జనవరి 16న పైన ఒకదాన్నొకటి పట్టుకున్నాయి చూశారూ, దాన్నీ 'డాకింగ్' అనే అన్నారు. ల్యాప్‌టాప్‌కీ అంతే. ఊరంతా తిరిగే యంత్రం ఇంటికొచ్చి ఆగే రేవు ఇది. రేవులో ఓడకి నూనె, నీళ్ళు, సరుకు ఒక్కచోటే అందినట్టు, దీనికి కరెంటూ తెరా కీబోర్డూ ఇంటర్నెట్టూ ఒక్క పెట్టెలోంచి, ఒక్క వైరుతో అందుతాయి. మిగతా వైర్లన్నీ ఆ పెట్టె వెనకాలే శాశ్వతంగా ఉండిపోతాయి. పీకేదీ పెట్టేదీ ఒక్కటే.

ఇంత సుళువైన వస్తువు ఏదో దుకాణానికి వెళ్ళి తెచ్చుకోవడమే కదా అనుకున్నాను నేను. కాదని మూడు వారాల తరువాత తెలిసింది. ఎందుకు కాదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో రేవుతో పనే లేదు. ఓడ కదిలితే కదా! 1981లో అమెరికాలో ఆస్బోర్న్ 1 అనే కంప్యూటరు వచ్చింది. చేత్తో పట్టుకుపోవచ్చునన్నదే దాని గొప్ప. బరువెంతో తెలుసాండీ? 11 కిలోలు! చేతికుట్టు మిషనుకి మూతపెట్టి పిడి పట్టుకుని మోసుకెళ్ళినట్టు మోసుకెళ్ళాలి. ఇంతా చేస్తే తెర 5 అంగుళాలు. వెల 1,795 డాలర్లు. అయినా జనం ఎగబడి కొన్నారు. మనిషికి తన పని తనతో పట్టుకెళ్ళాలనే కోరిక అంత గట్టిది. ఆ తరువాత తొమ్మిదేళ్ళలోపే బరువు మూడు కిలోలకి అటూ ఇటూగా దిగింది. 1989లో కాంపాక్ కంపెనీవారి ఎల్‌టీఈ అనేది పెద్ద నోటుపుస్తకమంతై కూర్చుంది.

బరువు తగ్గించడమంటే ఏమిటి? వస్తువులు తీసెయ్యడం. ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు మనం చేసేదే. ఇదెందుకు, అదెందుకు అని తీసేస్తాం, ఊరెళ్ళాక అదే కావలసి వస్తుంది. ల్యాప్‌టాప్ కూడా దార్లో తేలిగ్గానే ఉండేది. బల్ల దగ్గరకొచ్చేసరికి తెర చిన్నది, కీబోర్డు ఇరుకు, తగిలించుకోవడానికి రంధ్రాలు చాలవు. అందుకని తీసేసిన వస్తువులన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంట్లో ఉంచే ఉపాయం తట్టింది. కాంపాక్ వారే 1990లో తమ కొత్త ఎల్‌టీఈతోబాటు అలాంటి పెట్టె ఒకటి తెచ్చారు. ఇంటికి రాగానే యంత్రాన్ని అందులో కూర్చోబెడితే అది మామూలు బల్లమీది కంప్యూటరైపోతుంది.

కానీ అందరికీ గుర్తుండిపోయింది 1992 అక్టోబరులో ఆపిల్ వారు తెచ్చిన డుయో డాక్. ఇది నాకెంతో నచ్చింది. మనందరం వీసీఆర్‌లో క్యాసెట్టు పెట్టిన వాళ్ళమే కదా? కొసన కాస్త నెడితే చాలు, లోపల మోటారు 'గర్ర్' మంటూ మిగతాది తనే లాగేసుకునేది. అచ్చు అలాగే! ల్యాప్‌టాప్ మూసి, ఆ పెట్టె మూతిలో పెడితే లోపలికి లాక్కునేది. బయటున్నప్పుడు ఆ ల్యాప్‌టాప్ రెండు కిలోలు కూడా లేదు, ఫ్లాపీ పెట్టే చోటు కూడా లేదు. ఫ్లాపీ పెట్టెలో ఉంది. అదనపు కార్డులకు రెండు చోట్లు పెట్టెలో ఉన్నాయి. మొదటి డుయోల సొంత తెర నలుపు తెలుపు ఛాయల్లోనే చూపించేది. పెట్టెలోకి వెళ్ళి పెద్ద మానిటరుకి కలిస్తే రంగులొచ్చేవి. ఊళ్ళో తిరిగేటప్పుడు బ్లాక్ అండ్ వైట్, ఇంటికొస్తే ఈస్ట్‌మన్ కలర్!

ఇంత ముచ్చటైన వస్తువుకి ఒకటే లోపం. అందులోకి డుయో తప్ప మరొకటి దూరదు. 1997లో డుయోలు చెయ్యడం ఆపేశారు. ఇక వేల రూపాయల పెట్టె ఎందుకు పనికొస్తుంది? మిక్సీ మోటారు కాలిపోయాక మిగిలిన జార్లలాగే. అటకమీద నా దగ్గర మూడు కంపెనీల జార్లున్నాయి, ఒక్కటీ ఇంకోదానికి ఎక్కదు. పారెయ్యబుద్ధి కాదు, వాడే దారీ లేదు.

ఆ తరువాత పదిహేనేళ్ళూ ఇదే తీరు. ఏ కంపెనీ రేవు ఆ కంపెనీదే. కింద వెడల్పాటి పళ్ళ వరుస, దానిమీద సరిగ్గా ఆనితేనే పలుకుతుంది. ఒకే కంపెనీలో కొత్త రకం వస్తే పాత డాక్ చెల్లని సందర్భాలూ ఉన్నాయి. ఆఫీసులకి ఇదో లెక్క కాదు. వందమందికి వంద ఒకే రకం యంత్రాలు కొంటారు, వంద ఒకే రకం డాకులు కొంటారు. అందుకే మన పిల్లల్లో చాలామంది డాక్‌ని మొదట చూసింది ఆఫీసు బల్లల మీదే. సంసారాల్లో ఒకే రకం వస్తువులుంటాయా? భార్యకి ఒక ఆఫీసువాళ్ళు ఒకటిస్తారు, భర్తకి ఇంకో ఆఫీసువాళ్ళు మరొకటిస్తారు, పిల్లాడికి పుట్టినరోజుకి మేనమామ మూడోది కొనిస్తాడు. ఇంటి బల్లకి పనికొచ్చే రేవు కావాలంటే ముందు అన్ని ఓడలకీ ఒకే తాడు కుదరాలి.

ఆ తాడు కథలో ఒక ఇల్లాలుంది. అందుకే చెబుతున్నాను.

1990ల మొదట్లో కంప్యూటరు వెనకవైపు చూస్తే దడుపు పుట్టేది. ప్రింటరుకి 25 సూదుల వెడల్పాటి ప్లగ్గు, మోడెముకి 9 సూదులది, మానిటరుకి 15 సూదులది, దానికి రెండు వైపులా మరలు. కీబోర్డుకీ మౌసుకీ గుండ్రటివి, రెండూ కవల పిల్లల్లా ఒకేలా ఉండేవి, మార్చి పెడితే పనిచెయ్యవు. తరువాత్తరువాత ఆడపడుచులకి చీరెలు పంచినట్టు ఒకదానికి ఊదా, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి నీలం అని రంగులు వేశారు. కొత్తగా ఏది తగిలించినా మిషను ఆపి మళ్ళీ వెయ్యాలి.

అజయ్ భట్ గారిది గుజరాత్. బరోడాలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళి, 1990లో ఇంటెల్ కంపెనీలో చేరారు. ఆయన భార్య, కూతురి స్కూలు పని ఏదో అచ్చుతీద్దామని ఇంట్లో ప్రింటరుతో కుస్తీ పట్టారట. కంప్యూటర్లు చేసే కంపెనీలో ఇంజనీరుగారింట్లోనే ఇదీ పరిస్థితి! గోడకి ప్లగ్గు పెట్టినంత సుళువుగా ఎందుకుండకూడదని అప్పుడు తట్టిందని ఆయనే తరువాత చెప్పారు. మొదట్లో పైవాళ్ళు అంత ఉత్సాహం చూపలేదు. ఆయన వదల్లేదు. చివరికి ఏడు కంపెనీలు ఒక మాటమీదికొచ్చి, 1996 జనవరిలో యూఎస్‌బి మొదటి నియమావళి బయటపెట్టాయి. కీబోర్డైనా, ప్రింటరైనా, కెమెరా అయినా ఒకే ప్లగ్గు. ఒక్క కంప్యూటరుకి 127 పరికరాల దాకా తగిలించవచ్చు. 1998లో ఆపిల్ వారి ఐమాక్ పాత రంధ్రాలన్నీ తీసేసి దీన్నే నమ్ముకున్నాక లోకమంతా అటే తిరిగింది. 2013లో ఐరోపా పేటెంటు కార్యాలయంవారు భట్‌గారికీ ఆయన జట్టుకీ బహుమతిచ్చారు. ఆ జట్టులో షీలా కాలహన్ అనే ఆవిడ కూడా ఉన్నారు. మన షీలా అనుకునేరు, ఐర్లాండు పేరది. భట్‌గారి పేరు తెలిసినవాళ్ళలో ఈవిడ పేరు విన్నవాళ్ళెందరో!

ఆ ప్లగ్గుని ఒకసారి పెడితే ఎక్కదు, తిప్పి పెడితే ఎక్కదు, మళ్ళీ మొదటిలా పెడితే ఎక్కుతుంది, ఇది మీకూ అనుభవమే. ఎటు పెట్టినా పట్టేలా చెయ్యాలంటే వైర్లు రెట్టింపు, ఖర్చు రెట్టింపు, అందుకని చెయ్యలేదని ఆయన సంజాయిషీ. న్యాయమే. ధర పెరిగుంటే అసలు ఎవరూ ముట్టుకునేవారు కాదు.

ఇక త్వరగా చెప్పేస్తాను. 2000లో యూఎస్‌బి వేగం పెరిగింది, 2008లో ఇంకా పెరిగింది. కేంబ్రిడ్జిలో 2003లో మొదలైన ఒక సంస్థ, తరువాత డిస్‌ప్లేలింక్ అని పేరు పెట్టుకుంది, బొమ్మని నొక్కి చిన్నది చేసి ఆ యూఎస్‌బి వైరులోంచే మానిటరుకి పంపే విద్య కనిపెట్టింది. దీనికి కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు వేసుకోవాలి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మా ఇంటి కథలో దానితో పనుంది. 2011లో ఇంటెల్, ఆపిల్ కలిసి థండర్‌బోల్ట్ అని ఇంకా వేగమైన దారి వేశారు. 2014 ఆగస్టులో ఎటు పెట్టినా పట్టే యూఎస్‌బి-సి ప్లగ్గు వచ్చింది. భట్‌గారి అప్పు తీరింది! బొమ్మా, మాటా, కరెంటూ అన్నీ దాన్లోంచే. మొదటి యూఎస్‌బి వైరులో రెండున్నర వాట్ల కరెంటు పారేది. సి-రకం వైరులో 100 వాట్లు, 2021 నియమాల ప్రకారమైతే 240 వాట్ల దాకా.

మరుసటేడే, 2015లో, ఒక ల్యాప్‌టాప్ ఈ రంధ్రం ఒక్కటీ, చెవిలో పెట్టుకునే వాటికి ఇంకోటీ తప్ప మరేమీ లేకుండా వచ్చింది. తీసెయ్యడం మళ్ళీ మొదలైంది! 1992 నాటి పెట్టె 2015లో ఇంకో రూపంలో అవసరమైంది. కాకపోతే ఈసారి మోటారు లేదు, లాక్కోవడం లేదు. బల్లమీద చిన్న ఇటుకంత వస్తువు, దానికొక వైరు.

అన్నిటికీ ఒకే ప్లగ్గు కుదిరింది కదా, ఇక ఏ డాక్ కొన్నా ఒకటే కదా? అదే పొరపాటు. మునుపు ప్లగ్గు వేరైతే దూరేదే కాదు, కనీసం అక్కడే తెలిసిపోయేది. ఇప్పుడు ప్లగ్గులన్నీ దూరతాయి, పని మాత్రం చెయ్యవు. రూపం ఒకటే, గోత్రాలు వేరు. ఒక రంధ్రం బొమ్మ పంపుతుంది, ఒకటి పంపదు. ఒకటి కరెంటు పుచ్చుకుంటుంది, ఒకటి పుచ్చుకోదు. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 కూడా ఇదే ప్లగ్గు వేసుకుంది. పక్కన మెరుపు గుర్తుంటే అది, లేకపోతే కాదు. ఆ గుర్తు చూడాలంటే నాలాంటిదానికి భూతద్దం కావాలి. ఫోనుతో వచ్చిన ఛార్జింగు వైరు చాలావాటిలో మాటా పలుకూ పాత 2000 నాటి వేగంతోనే సాగుతుంది. దాన్ని డాక్‌కి పెట్టి తెర రాలేదని గోలపెడితే లాభం లేదు.

మా అబ్బాయి డాక్ కొన్నాడు. ఖరీదైనదే కొన్నాడు, పాపం, పెళ్ళాం మెడ కోసమే. తన ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాడు: ఒక్క వైరుతో మానిటరు వెలిగింది, కీబోర్డు పలికింది, ఛార్జింగెక్కింది. ఇల్లంతా పండగ. మర్నాడు పొద్దున కోడలు తన ల్యాప్‌టాప్‌కి అదే వైరు పెట్టింది. ఛార్జింగెక్కింది, అంతే. తెర నలుపు. కీబోర్డు మూగ. అది థండర్‌బోల్ట్ రకం డాక్. ఆమె ఆఫీసువాళ్ళిచ్చినది మామూలు సి-రంధ్రం. కొన్ని డాకులు రెండిటితోనూ సర్దుకుపోతాయి, మొదటి తరంవి సర్దుకోవు. అది సర్దుకోని రకం. "నీ ల్యాప్‌టాప్ పాతది" అన్నాడు వాడు. అది నిజమే గానీ, మెడ కూడా ఆమెదే కదా!

దాన్ని తిరిగిచ్చేసి రెండోది తెచ్చారు. ఇది దేనికైనా పనిచేస్తుందన్నాడు దుకాణంలో కుర్రాడు. అబద్ధం కాదు, బొమ్మని నొక్కి పంపే రకం. సాఫ్ట్‌వేరు వేసుకోవాలి. కోడలి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేరు వెయ్యనివ్వరు. అనుమతి కావాలంటే అర్జీ, అర్జీ మీద అర్జీ. తొమ్మిది రోజులు చూసి అదీ వాపసిచ్చారు. ఈ మధ్యలో ఆమె మళ్ళీ మెడ వంచుకునే కూర్చుంది.

మూడోసారి నేను నోరు తెరిచాను. "ఒరేయ్, పెళ్ళిళ్ళకి బస్సు మాట్లాడుకునేటప్పుడు నడవగలిగినవాణ్ణి చూసి మాట్లాడుకుంటామా, మెట్టెక్కలేని మామ్మగారిని చూసి మాట్లాడుకుంటామా? ముందు దానిది ఏమేం చేస్తుందో కాగితం మీద రాయి" అన్నాను. కోడలు తన యంత్రం వివరాలు తీసింది. సి-రంధ్రంలోంచి బొమ్మ వస్తుంది, 4కె మానిటరు ఒకటి మొయ్యగలదు. ఛార్జరు మీద 65 వాట్లని రాసుంది. అబ్బాయి ఛార్జరు మీద 90 అని ఉంది. డాక్ మీద పెద్దక్షరాల్లో 100 వాట్లని రాసినా అందులో కొంత అదే తినేస్తుంది, ల్యాప్‌టాప్‌కి చేరేదెంతో చిన్నక్షరాల్లో ఉంటుందని అప్పుడు తెలిసింది. మానిటరు బొమ్మ క్షణానికి 60 సార్లు మారుతుందా, 30 సార్లేనా అన్నది కూడా చూడాలిట. 30 అయితే మౌసు బాణం మీద చేతులు ఈడ్చుకుంటూ పోతున్నట్టుంటుంది. రెండువేల రూపాయల హబ్బుల్లో చాలావాటిది ఇదే జబ్బు.

చివరికి కొన్నది మామూలు యూఎస్‌బి-సి డాక్. మొదటిదాని ధరలో మూడోవంతు. "నా ల్యాప్‌టాప్ వేగమంతా వృథా" అని సణిగాడు అబ్బాయి. "ఉన్నది ఒకటే మానిటరు కదండీ, ఆ వేగంతో ఏం చేస్తారు?" అంది కోడలు మెల్లిగా. వాడు నవ్వేశాడు. ఇద్దరి యంత్రాలూ ఒకేసారి తగిలించి మీట నొక్కి మార్చుకునే కేవీఎం స్విచ్చు కూడా ఉందిట గానీ, ఒకరు నిద్రపోయేటప్పుడు ఇంకొకరు పనిచేసే సంసారానికి అదెందుకు?

ఒక చిన్న తిరకాసు మాత్రం తరువాత బయటపడింది. వైరు లేని మౌసు ఉండుండి గెంతేది. దాని బుల్లి ముక్కని డాక్ వెనకాల గుచ్చారు. యూఎస్‌బి 3 పనిచేసేటప్పుడు పుట్టే రొద సరిగ్గా ఆ మౌసు మాట్లాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందని ఇంటెల్ వాళ్ళే 2012లో రాశారట. మూరెడు ఎక్స్‌టెన్షను వైరుతో ఆ ముక్కని దూరంగా జరిపితే గెంతులు ఆగాయి.

ఐరోపావాళ్ళు 2022లో చట్టం చేశారు, అక్కడ అమ్మే ఫోన్లన్నిటికీ 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ 28 నుంచి ఈ సి-రంధ్రంతోనే ఛార్జింగని. కరెంటు వరకూ గోత్రాలు కలిపారు. బొమ్మ సంగతి ఇంకా ఎవరి పూచీ వాళ్ళదే.

ఇప్పుడు పొద్దున్నే తొమ్మిదికి రెండు నిమిషాలుండగా కోడలొచ్చి ఒక్క వైరు గుచ్చుతుంది. మానిటరు వెలుగుతుంది. మెడ నిటారుగా ఉంది. డాక్టరు చెప్పిన ఎత్తుకి మానిటరు రావాలంటే కింద ఏదైనా పెట్టాలన్నారు. నా పెళ్ళైన కొత్తలో వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించుకున్న సీరియల్ నవలలు రెండు తెచ్చి పెట్టారు. సరిగ్గా సరిపోయాయి. పై దాంట్లో చివరి రెండు వారాల కాగితాలు తప్పిపోయి, కథ ఏమైందో నాకు గుర్తులేదు. కిందదాంట్లో ఏమైనా ఇరుక్కున్నాయేమో చూద్దామని ఉంది గానీ, వీళ్ళిద్దరిలో ఒకరు లేవగానే ఇంకొకరు వచ్చి కూర్చుంటున్నారు.